కిక్‌ఆఫ్ వేళ చెప్పేది కాలేజీ కాదు

ఒక తండ్రి అడిగిన ప్రశ్నను ముందు కుదించి చెబుతాను. "మా అబ్బాయి బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో చదువుతున్నాడు. నవంబరులో నేనూ మా ఆవిడా వాడిని చూడటానికి వెళ్తున్నాం. ఆ శనివారం అమెరికన్ ఫుట్‌బాల్ ఆట ఉందట. తేదీ ఉంది, వేళ లేదు. రెండు వారాల ముందే తెలుస్తుంది నాన్నా అంటాడు. పైగా పసిఫిక్ తీరంలో ఉన్న కాలేజీ అట్లాంటిక్ తీరపు కాన్ఫరెన్స్‌లో ఆడటం ఏమిటి? ఇదంతా టీవీ డబ్బు మహిమేనా? తిరుగు ప్రయాణం టికెట్ ఎప్పటికి కొనాలి?"

సూటి సమాధానం: అవునండీ, టీవీ డబ్బే. ఆట ఏ వేళకు మొదలవ్వాలో టీవీ సంస్థలే నిర్ణయిస్తాయి. ఏ కాలేజీ ఏ కాన్ఫరెన్స్‌లో, అంటే తమలో తాము ఆడుకునే కాలేజీల ఏ గుంపులో, ఉండాలో అవి నేరుగా చెప్పవు గానీ, ఎక్కడుంటే ఎంత ముడుతుందో చెబుతాయి. ఆ తర్వాత కాలేజీలు తమంతట తామే నడిచి వెళ్తాయి. ఒక్క మాట మాత్రం సరిచేయాలి. టీవీ వాళ్లు వచ్చి కాలేజీల మెడ మీద కూర్చున్నారని చాలామంది అనుకుంటారు. జరిగింది అది కాదు. కాలేజీలే సుప్రీంకోర్టు దాకా వెళ్లి, పోరాడి, తమ ఆటలు తామే అమ్ముకునే హక్కు తెచ్చుకున్నాయి. టికెట్ సంగతి చివర చెబుతాను.

నేను పదిహేడేళ్లుగా ఆటల ప్రసార ట్రక్కుల్లో పని చేస్తున్నాను. మొదట మైదానం చుట్టూ కేబుళ్లు లాగే పని, ఇప్పుడు రీప్లే. మధ్యలో మూడేళ్లు ఒక యూనివర్సిటీ అథ్లెటిక్ విభాగంలో ప్రసారాల సమన్వయం చూశాను. అంటే అమ్మేవాళ్ల గదిలోనూ, కొనేవాళ్ల గదిలోనూ కూర్చున్నాను.

ముందు వేళ సంగతి. కాన్ఫరెన్స్ తన కాలేజీలన్నిటి ప్రసార హక్కులను మూటగట్టి టీవీ సంస్థలకు అమ్ముతుంది. ఆ ఒప్పందంలో కొన్నది ఆటలనే అనుకుంటాం కానీ, అసలు కొన్నది శనివారాన్ని. మధ్యాహ్నం ఒక గడి, మూడున్నర ప్రాంతంలో ఒక గడి, రాత్రి ఒకటి, పడమటి తీరం కోసం అర్ధరాత్రి దాటే గడి ఇంకొకటి. ఏ గడిలో ఏ ఆట పెట్టాలో తేల్చుకోవడానికి టీవీకి ఆటకు పన్నెండు రోజుల ముందు దాకా గడువు ఉంటుంది. శనివారం నుంచి పన్నెండు రోజులు వెనక్కి లెక్కేస్తే సోమవారం వస్తుంది. నేను యూనివర్సిటీలో ఉన్నప్పుడు ఆ సోమవారాలు ఆఫీసులో అందరి కళ్లూ మెయిల్ పెట్టె మీదే ఉండేవి. ఆ ఒక్క వరుస వస్తేనే పార్కింగ్ వాళ్లు, పోలీసుల అదనపు డ్యూటీ, బ్యాండు విద్యార్థుల భోజనం, అవతలి జట్టు విమానం, పూర్వ విద్యార్థుల విందు అన్నీ కదులుతాయి. కొన్ని వారాల్లో టీవీ ఇంకా ఆగుతానంటుంది. ముందటి శనివారం ఎవరు గెలుస్తారో చూసి ఆరు రోజుల ముందు, అంటే ఆదివారం చెబుతుంది. ఆ వారం మాత్రం ఎవరూ ఎవరితోనూ మర్యాదగా మాట్లాడరు.

ఇంత అధికారం ఎందుకు ఇచ్చారంటే, అంకె చూస్తే అర్థమవుతుంది. బిగ్ టెన్ అనే ఒక్క కాన్ఫరెన్స్ 2023 నుంచి ఏడేళ్లకు ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీ టీవీ సంస్థలతో చేసుకున్న ఒప్పందం 700 కోట్ల డాలర్ల పైమాటేనని వార్తలు వచ్చాయి. మన ఐపీఎల్ హక్కులు 2023 నుంచి ఐదేళ్లకు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయాయి, అప్పటి మారకంలో 600 కోట్ల డాలర్లకు కాస్త ఎక్కువ. ఏడాదికి లెక్కేస్తే ఐపీఎల్‌దే పైచేయి. కానీ ఇక్కడ అమ్మింది డిగ్రీలు ఇచ్చే సంస్థలు, అదీ దేశంలోని అనేక కాన్ఫరెన్స్‌లలో ఒకటి. దక్షిణాది కాలేజీల ఎస్‌ఈసీ సంగతి ఇంకా విచిత్రం. వారానికి ఒక మేటి ఆట కోసం సీబీఎస్ ఏళ్ల తరబడి ఇచ్చింది ఏడాదికి 5.5 కోట్ల డాలర్లు. 2024లో అది ఈఎస్‌పీఎన్ చేతికి పోయేసరికి ఏడాదికి 30 కోట్లు పలికిందన్నారు.

మైదానంలో ఇది ఎలా కనిపిస్తుందంటే, ఎర్రటోపీ మనిషిని చూడండి. కాలేజీ ఫుట్‌బాల్ టీవీలో వచ్చే ప్రతి ఆటలోనూ పక్కగీత దగ్గర ఎర్రటోపీ పెట్టుకున్న ఒకరు ఉంటారు. కోచ్ కాదు, రెఫరీ కాదు, ప్రసార ట్రక్కు తరఫున అక్కడ నిలబడే మా మనిషి. చెవిలో మా నిర్మాత గొంతు వినిపిస్తూ ఉంటుంది. ప్రకటనలకు వెళ్లే వేళ కాగానే మైదానంలోకి నాలుగడుగులు వేసి నిలబడతాడు. రెఫరీ అతని వైపు చూస్తాడు. అతను తప్పుకునే దాకా ఆట కదలదు.

ఒక నవంబరు మంగళవారం రాత్రి ఒహాయోలో ఉన్నాం. మిడ్-అమెరికన్ కాన్ఫరెన్స్ కాలేజీలు నవంబరులో మంగళ, బుధవారాల్లో ఆడతాయి, ఎందుకంటే ఆ రోజుల్లో టీవీలో వేరే ఫుట్‌బాల్ ఉండదు, శనివారం వాళ్లను ఎవరూ చూడరు. మంచు పడుతోంది. ప్రకటనల విరామంలో ఇరవై ఇద్దరు ఆటగాళ్లు కాళ్లు మార్చి మార్చి నేల మీద కొడుతున్నారు, నోట్లోంచి ఆవిరి. నా తెరల మీద ఆరు కెమెరాలు. అటువైపు స్టాండు మొత్తం ఖాళీ. మర్నాడు తరగతులున్న విద్యార్థులు ఎందుకు వస్తారు? వచ్చిన కొద్దిమందినీ కెమెరాకు ఎదురుగా ఉన్న వైపు కూర్చోబెట్టారు. దర్శకుడు మైకులో అంటున్నాడు, "మూడో కెమెరా, కాస్త కిందికి, ఖాళీ కుర్చీలు తగిలాయి." ఆ కాలేజీకి ఆ రాత్రి వచ్చిన డబ్బు పెద్ద కాన్ఫరెన్స్ లెక్కలో చిల్లర. అయినా దేశమంతా వాళ్ల పేరు వినే రాత్రి అదొక్కటే కాబట్టి మంగళవారం ఆడతారు.

బాస్కెట్‌బాల్‌లో ఈ విరామాలు ఇంకా ముందే అచ్చువేసి ఉంటాయి. పురుషుల ఆటలో ప్రతి అర్ధభాగం ఇరవై నిమిషాలు. గడియారం పదహారు, పన్నెండు, ఎనిమిది, నాలుగు నిమిషాల కిందికి దిగాక బంతి ఆగిన మొదటిసారి టీవీ విరామం. కోచ్‌లకు ఇది ఎంత అలవాటైపోయిందంటే, జట్టు అలసిపోయినా తమ టైమ్‌అవుట్ వాడరు, "ఇంకో అరనిమిషంలో టీవీదే వస్తుంది" అని ఆగుతారు.

ఇప్పుడు అమ్మకం కథ. 1950ల నుంచి ఎన్‌సీఏఏ, అంటే కాలేజీ ఆటల పెద్ద సంఘం, ఫుట్‌బాల్ ప్రసారాలను గుప్పిట్లో పెట్టుకుంది. ఏ కాలేజీ ఎన్నిసార్లు టీవీలో కనిపించాలో అదే చెప్పేది. టీవీలో చూపిస్తే స్టేడియానికి జనం రారని భయం. ఓక్లహోమా, జార్జియా యూనివర్సిటీలు కోర్టుకెళ్లాయి. 1984లో సుప్రీంకోర్టు 7-2 తేడాతో వాళ్ల పక్షాన తీర్పు చెప్పింది. ఆ తీర్పులో నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఒకటుంది. 1981లో ఒక వారం ఓక్లహోమా, సదరన్ కాలిఫోర్నియా జట్ల ఆట రెండు వందలకు పైగా స్టేషన్లలో వచ్చింది. అదే వారం సిటడెల్, అప్పలాచియన్ స్టేట్ అనే చిన్న కాలేజీల ఆట నాలుగు స్టేషన్లలో వచ్చింది. నాలుగు జట్లకూ ఒకే మొత్తం ఇచ్చారు. ఇది ధరను బిగించడమే అంది కోర్టు.

విభేదించిన ఇద్దరిలో ఒకరు న్యాయమూర్తి బైరన్ వైట్. కుర్రతనంలో కొలరాడో తరఫున దేశమంతా పేరు మోగిన ఫుట్‌బాల్ ఆటగాడు ఆయన. ఈ హద్దులు తీసేస్తే చదువు వెనక్కి, వ్యాపారం ముందుకు వస్తాయని రాశారు. చట్టం సంగతి లాయర్లకే వదిలేస్తాను గానీ, జరగబోయేది మాత్రం ఆయనకే సరిగ్గా కనిపించింది.

తమాషా ఏమిటంటే, తీర్పు రాగానే డబ్బు పెరగలేదు, పడిపోయింది. అందరూ ఒకేసారి సరుకు సంతకు తెస్తే ధర ఏమవుతుందో మిర్చి యార్డు చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. అందుకే కాలేజీలు మళ్లీ గుంపులు కట్టాయి. ఈసారి దేశమంతా ఒక గుంపు కాకుండా, బాగా అమ్ముడుపోయేవాళ్లంతా ఒకచోట చేరారు. అక్కడి నుంచి ఇవాళ్టి దాకా జరిగిన ప్రతి కాన్ఫరెన్స్ మార్పూ ఆ గుంపులో చోటు కోసం తోపులాటే. ప్రొఫెషనల్ లీగులకు ఈ బాధ లేదు. 1961 చట్టం వాటికి హక్కులన్నీ ఒకే మూటగా అమ్ముకునే మినహాయింపు ఇచ్చింది. కాలేజీలకు ఆ చట్టం వర్తించదు.

అప్పలాచియన్ స్టేట్ మళ్లీ ఒకసారి వస్తుంది ఈ కథలోకి. 2007 సెప్టెంబరు 1న దేశంలో ఐదో ర్యాంకులో ఉన్న మిషిగన్ ఆ చిన్న కాలేజీని పిలిపించుకుంది. పెద్ద కాలేజీలు ఇలా చిన్నవాళ్లకు డబ్బిచ్చి పిలిచి ఓడించి పంపడం మామూలే. ఆ రోజుకు ఇచ్చింది 4 లక్షల డాలర్లు. ప్రసారం చేసింది బిగ్ టెన్ సొంత చానల్, పుట్టి మూడు రోజులు కూడా నిండలేదు. లక్షకు పైగా జనం ముందు అప్పలాచియన్ స్టేట్ 34-32తో గెలిచింది. మిషిగన్ పరువు పోయింది. చానల్‌కు మాత్రం అంతకంటే మంచి ముహూర్తం ఉండదు. చాలా పెద్ద కేబుల్ కంపెనీలు అప్పటికి దాన్ని తీసుకోనేలేదు. "మాకెందుకు రావడం లేదు" అని జనం అడగడం మొదలుపెట్టారు.

ఆ చానలే అసలు మలుపు. అమెరికాలో కేబుల్ చానల్‌కు డబ్బు ప్రకటనల నుంచి మాత్రమే రాదు. చానల్ ఉన్న ప్యాకేజీ తీసుకున్న ప్రతి ఇంటి నుంచీ నెలకు ఇంత అని వస్తుంది, ఆ ఇంట్లో వాళ్లు చూసినా చూడకపోయినా. కాన్ఫరెన్స్‌లో ఒక కాలేజీ ఉన్న రాష్ట్రంలో ఆ రేటు చాలా ఎక్కువ, లేని రాష్ట్రంలో కొన్ని సెంట్లు. అందుకే 2014లో న్యూజెర్సీలోని రట్గర్స్, రాజధాని వాషింగ్టన్ పక్కనున్న మేరీలాండ్ మధ్య పశ్చిమపు కాన్ఫరెన్స్ అయిన బిగ్ టెన్‌లో తేలాయి. రట్గర్స్ గెలుస్తుందని ఎవరూ అనుకోలేదు. న్యూయార్క్ చుట్టుపక్కల ఇళ్లు చానల్ లెక్కలోకి వచ్చాయి, అంతే. ఎడిసన్‌లో సీరియల్ చూస్తూ కూర్చున్న మన తెలుగు అమ్మమ్మ ఇంటి కేబుల్ బిల్లులో కూడా బిగ్ టెన్ వాటా పడింది.

తర్వాత జనం కేబుల్ మానేయడం మొదలైంది. ఇళ్ల లెక్క తగ్గాక టీవీకి కావలసింది ఇల్లు కాదు, కోట్లమంది ఒకేసారి కూర్చుని చూసే పెద్ద ఆట. మీ అబ్బాయి కాలేజీ చిక్కుకున్నది ఈ రెండో దశలో. అప్పటిదాకా అది ఉన్న పసిఫిక్ తీరపు కాన్ఫరెన్స్ 1915 నాటిది. 2012లో వాళ్లు సొంత చానల్ పెట్టుకుని, భాగస్వామి లేకుండా మొత్తం తామే ఉంచుకున్నారు. డైరెక్‌టీవీ అనే పెద్ద శాటిలైట్ టీవీ సంస్థ దాన్ని ఎన్నడూ తీసుకోలేదు. అవతలి కాన్ఫరెన్స్‌ల ఆదాయం పరుగెడుతుంటే వీళ్లది నడిచింది. 2022 జూన్ 30న లాస్ ఏంజెలెస్‌లోని సదరన్ కాలిఫోర్నియా, యూసీఎల్‌ఏ బిగ్ టెన్‌కు పోతున్నామన్నాయి. లాస్ ఏంజెలెస్ పోయాక మిగిలిన సరుకుకు బేరం కుదరలేదు. చివరికి బల్ల మీద ఉన్నది చందాదారులు పెరిగితే డబ్బు పెరుగుతుందన్న ఆపిల్ ప్రతిపాదన. 2023 ఆగస్టు 4న ఒరెగాన్, వాషింగ్టన్ యూనివర్సిటీలు తగ్గించిన వాటాకే బిగ్ టెన్‌కు వెళ్లిపోయాయి. నూరేళ్లు దాటిన కాన్ఫరెన్స్‌లో చివరికి ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ మిగిలాయి.

మరో నెలలోనే బర్క్‌లీ, స్టాన్‌ఫర్డ్, డాలస్‌లోని ఎస్ఎంయూ అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో చోటు సంపాదించాయి. వాళ్లను ఎందుకు రానిచ్చారో చూడండి. ఆ కాన్ఫరెన్స్‌కు ఈఎస్‌పీఎన్‌తో 2036 దాకా ఒప్పందం ఉంది. కొత్త సభ్యుడు చేరితే అతని పేరున కూడా ఈఎస్‌పీఎన్ డబ్బు పెంచి ఇవ్వాలి. బర్క్‌లీ, స్టాన్‌ఫర్డ్ ఏడేళ్లపాటు టీవీ వాటాలో 30 శాతమే తీసుకుంటామన్నాయి. ఎస్ఎంయూ తొమ్మిదేళ్లు అసలేమీ వద్దంది. కూర్చోవడానికి చోటిస్తే చాలు, భోజనం మేమే తెచ్చుకుంటాం అన్నట్టు. మిగిలిన డబ్బు పాత సభ్యులు పంచుకుంటారు. టీవీ వైపు లాభం ఏమిటంటే, తూర్పున రాత్రి పదిన్నర గడిలో వేసుకోవడానికి ఒక ఆట దొరికింది.

2024 అక్టోబరు 5 ఆ గడికి మంచి నమూనా. ఈఎస్‌పీఎన్ శనివారాల్లో ఏదో ఒక కాలేజీ నుంచి చేసే ఉదయపు కార్యక్రమం మొదటిసారి బర్క్‌లీ వచ్చింది. తూర్పున తొమ్మిదింటి కార్యక్రమం కాబట్టి అక్కడ ఉదయం ఆరు. పిల్లలు చీకట్లోనే వచ్చి నిలబడ్డారు. ఆట రాత్రి ఏడున్నరకు. బర్క్‌లీ వాళ్లు మయామీ మీద 35-10 ఆధిక్యంలో ఉండి 38-39తో ఓడిపోయారు. అప్పటికి మయామీలో తెల్లవారుజాము రెండు కావస్తోంది. ప్రసారంగా చూస్తే అద్భుతం. నాకు ఆ రోజు వేరే ట్రక్కులో పని లేకపోతే నేనూ కూర్చుని చూసేవాడిని.

ఇందులో నష్టపోయేది ఫుట్‌బాల్ ఆటగాళ్లు అనుకోకండి. వాళ్లు వారానికి ఒక ఆట ఆడతారు, చార్టర్ విమానంలో వెళ్తారు. కాన్ఫరెన్స్ మారితే వాలీబాల్, సాఫ్ట్‌బాల్, సాకర్ జట్లు కూడా అదే పటం మీద తిరగాలి. లాస్ ఏంజెలెస్ నుంచి న్యూజెర్సీకి దాదాపు నాలుగు వేల కిలోమీటర్లు. నేను ఉన్న యూనివర్సిటీలో ఒకసారి వాలీబాల్ జట్టుతో తిరిగి వస్తుంటే విమానం ఆలస్యమైంది. ఒక అమ్మాయి గేటు దగ్గర చెత్తబుట్ట పక్కకు జరిపి, దాని వెనక ఉన్న ప్లగ్గులో చార్జర్ పెట్టి, నేల మీద కూర్చుని కెమిస్ట్రీ పరీక్ష రాసింది. మోకాలి మీద మంచు సంచి. ఆమె ఆటను టీవీ వాళ్లు ఎన్నడూ అడగలేదు.

సరే, ఇంత డబ్బు ఏమవుతుంది? కాలేజీకి వాటాదారులు లేరు, డివిడెండ్ లేదు. వచ్చింది ఖర్చు కావాలి. చాలాకాలం ఆటగాళ్లకు జీతం ఇవ్వకూడదన్నారు కాబట్టి అది కోచ్‌లకూ భవనాలకూ పోయింది. 2023 నవంబరులో టెక్సస్ ఏ అండ్ ఎం తన ఫుట్‌బాల్ కోచ్‌ను తీసేసినప్పుడు, పని మానిపించినందుకు ఇవ్వాల్సి వచ్చింది 7.5 కోట్ల డాలర్ల పైన. పని చేయించుకోవడానికి కాదు, మానిపించడానికి. ఈ రంగంలో ఇన్నేళ్లున్నా ఆ అంకె నాకు మింగుడుపడలేదు. 2021లో ఆటగాళ్లు ప్రకటనల లాంటివాటికి తమ పేరు, ముఖం వాడనిచ్చి సంపాదించుకోవచ్చన్నారు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన రాజీతో, కాలేజీలు నేరుగా తమ ఆటగాళ్లకు మొదటి ఏడాది 2.05 కోట్ల డాలర్ల దాకా పంచవచ్చు. చాలాచోట్ల అందులో పెద్ద భాగం ఫుట్‌బాల్‌కే వెళ్తుంది. నన్నడిగితే ఆలస్యమైనా న్యాయమే. కాకపోతే ఆ డబ్బు కోసం అథ్లెటిక్ విభాగాలు ముందుగా ఈత, టెన్నిస్ జట్ల వైపు చూస్తాయి.

"టీవీ జనం కోరిందే చూపిస్తుంది కదా" అనేవాళ్లకు మహిళల బాస్కెట్‌బాల్ గుర్తుచేస్తాను. ఏళ్ల తరబడి వాళ్ల జాతీయ టోర్నీ హక్కులను మరో పాతిక ముప్పై పోటీలతో కలిపి ఒకే మూటలో అమ్మేశారు, విడిగా ధర ఎంతో ఎవరూ అడగలేదు. 2024లో సౌత్ కరోలినా, అయోవా ఫైనల్‌ను దాదాపు 1.9 కోట్లమంది చూశారు. పురుషుల ఫైనల్‌కు 1.5 కోట్లు కూడా రాలేదు. మంచి గడి, మంచి చానల్ ఇస్తే జనం వచ్చారు. ఇవ్వనన్నాళ్లూ "జనం లేరు" అన్నారు.

ఒక హెచ్చరిక. నేను చెప్పినదంతా పై అంతస్తు కథ. ఎన్‌సీఏఏలో దాదాపు 1,100 కాలేజీలున్నాయి. వాటిలో అత్యధికం టీవీ డబ్బు మీద బతకవు. మధ్యస్థాయి ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఆటల ఖర్చులో పెద్ద భాగం విద్యార్థుల ఫీజు, యూనివర్సిటీ నిధుల నుంచే వస్తుంది. ఎమ్మెస్‌కు వచ్చిన మన పిల్లల్లో ఎంతోమంది ఒక్క ఆట కూడా చూడకుండా ఆ ఫీజు కడుతున్నారు. బిల్లు తెరిచి అథ్లెటిక్స్ అనే వరుస ఉందేమో చూడమనండి. ఉంటే, చాలాచోట్ల విద్యార్థి గుర్తింపు కార్డు చూపిస్తే టికెట్ ఉచితం. కట్టిన డబ్బుకు కనీసం వెళ్లి చూస్తారు.

ఇక మీ టికెట్. శనివారం రాత్రికి తిరుగు విమానం కొనకండి. ఆట మధ్యాహ్నం పన్నెండున్నరకు పెట్టవచ్చు, రాత్రి ఏడున్నరకూ పెట్టవచ్చు. ప్రకటనల విరామాలతో కలిపి మూడున్నర గంటలు పడుతుంది. ఆదివారం మధ్యాహ్నం తర్వాతిది చూసుకోండి. పన్నెండు రోజుల ముందు సోమవారం సాయంత్రం కాలేజీ ఆటల పేజీ చూస్తే వేళ తెలిసిపోతుంది, టీవీ ఆగుతానన్న వారమైతే ఆరు రోజుల ముందు ఆదివారం. రాత్రి గడి పడితే స్వెట్టర్లు తీసుకెళ్లండి, బర్క్‌లీ కొండ మీద గాలి చల్లగా ఉంటుంది. మైదానానికి మధ్యలో, కాస్త పైవరుసలో కూర్చుంటే పక్కగీత దగ్గర ఎర్రటోపీ కనిపిస్తుంది. అతను మైదానంలోకి నడిచినప్పుడల్లా మీకు రెండు మూడు నిమిషాలు దొరుకుతాయి. కాఫీకి వెళ్లాలంటే అప్పుడే వెళ్లండి.